కారు రిపేరు: ఏది మన చేతి పని, ఏది మెకానిక్ పని

మన సంఘం సమావేశం ముగిశాక కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డప్పుడు పిల్లల సంబంధాల కబుర్లు అయిపోతే, తర్వాత వచ్చేది కార్ల సంగతే. "సెక్రటరీ గారూ, బ్యాటరీ మనమే మార్చుకోవచ్చా?" అని ఒకరు. "ఏసీ గ్యాసు ఇంట్లోనే పట్టుకోవచ్చని యూట్యూబులో చూపిస్తున్నారు, నిజమేనా?" అని ఇంకొకరు. నేను మెకానిక్‌ను కాను. గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అయితే మారుతీ 800 రోజుల నుంచి ఇవాళ్టి బండి దాకా కొన్ని పనులు నా చేత్తో చేసుకున్నాను, కొన్ని నా చేత్తోనే చెడగొట్టుకున్నాను. అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒక్కసారి రాసి పెడితే మేలనిపించింది.

మన ఇళ్లలో ఈ ప్రశ్న రావడానికి ఒక కారణం ఉంది. 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయి, ఆ తర్వాత ఎడమ కాలువకు నీళ్లు వచ్చాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి సింధనూరు, మాన్వి, గంగావతి వైపు క్యాంపులు వేసుకున్నవాళ్ల పిల్లలం మనలో చాలామందిమి. హట్టి బంగారు గనుల్లో ఉద్యోగాలకు వచ్చినవాళ్లూ, వ్యాపారానికి వచ్చినవాళ్లూ ఉన్నారు. క్యాంపుల్లో ఆ రోజుల్లో మెకానిక్ ఎక్కడ దొరికేవాడు? ఆయిల్ ఇంజిన్ ఆగితే నాన్నగారే విప్పేవారు, ట్రాక్టరు మొరాయిస్తే బాబాయిలే గోనెసంచి పరుచుకుని కింద దూరేవారు. ఆ అలవాటు మనకూ వచ్చింది. పానా చేతిలో ఉంటే ఏదైనా విప్పవచ్చనే ధైర్యం అది.

అంబాసిడర్, మారుతీ 800 కాలంలో ఆ ధైర్యం సరిపోయింది. మారుతీ 800 మొదటి బండి 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. దానికి కార్బురేటర్ ఉండేది. ప్లగ్గులు తీసి ఉప్పుకాగితంతో రుద్ది, కార్బురేటర్ జెట్టు విప్పి గాలి ఊదితే బండి నడిచేది. 2000 ప్రాంతంలో పొగ నిబంధనలు కఠినమయ్యాక కార్బురేటర్లు పోయి, పెట్రోలు ఎంత పడాలో కంప్యూటరే లెక్కగట్టే పద్ధతి వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే ప్రతి కొత్త కారూ బీఎస్-6దే. ఇప్పుడు బానెట్ ఎత్తితే కనిపించేది సగం ప్లాస్టిక్ మూతలు, సగం వైర్లు.

అందుకని ఏ పనైనా మొదలుపెట్టే ముందు నేను "ఇది విప్పడం నాకు చేతనవునా?" అని అడుక్కోను. "ఇది నేను తప్పుగా బిగిస్తే ఏమవుతుంది?" అని అడుక్కుంటాను. బండిని నడిపించే భాగంలో తప్పు జరిగితే బండి ఇంటి ముందే ఆగిపోతుంది, డబ్బు పోతుంది. బండిని ఆపే భాగంలో, తిప్పే భాగంలో తప్పు జరిగితే మనిషి పోతాడు. ఈ తేడా నాకు పుస్తకం చదివి తెలియలేదు.

కొన్నేళ్ల కిందట ఒకరోజు బానెట్ ఎత్తి చూస్తే బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం కింది గీత దగ్గరికి వచ్చింది. బజారు నుంచి చిన్న డబ్బా తెచ్చి పోశాను. రెండు నెలలకు మళ్లీ తగ్గింది, మళ్లీ పోశాను. మూడోసారీ పోశాను. ఇంత చిన్న పనికి మెకానిక్‌కు డబ్బులెందుకని లోపల్లోపల సంతోషం కూడా. ఆ తర్వాత ముద్గల్ నుంచి తిరిగి వస్తున్నాం. వెనక సీట్లో మా ఆవిడ, మనవరాలు. ముందు వెళ్తున్న లారీ ఉన్నట్టుండి నెమ్మదించింది. బ్రేకు తొక్కితే ఇనుమును ఇనుముతో గీసినట్టు చప్పుడు వచ్చింది కానీ బండి ఆగవలసినంతగా ఆగలేదు. ఎడమకు తిప్పి రోడ్డు దింపేశాను. రేగడి మట్టే ఆ రోజు మమ్మల్ని ఆపింది.

మర్నాడు మెకానిక్ చక్రం విప్పి బ్రేక్ ప్యాడ్లు నా చేతిలో పెట్టాడు. రాపిడి మందం పూర్తిగా అరిగిపోయి వెనకున్న రేకు మిగిలింది. ఆ రేకు డిస్కును గాళ్లు గాళ్లుగా గీకేసింది. "ఆయిల్ తగ్గిందని బండి మీకు మూడుసార్లు చెప్పింది కదా సార్, మీరు పోసి దాని నోరు మూశారు" అన్నాడు. విషయమేమిటంటే, ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నొక్కే పిస్టన్లు ముందుకు జరుగుతాయి. ఆ ఖాళీలోకి ఆయిల్ వెళ్తుంది కనుక పై డబ్బాలో మట్టం తగ్గుతుంది. అంటే మట్టం తగ్గితే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. రెంటిలో ఏదైనా పోసి ఊరుకునేది కాదు. ప్యాడ్లు, రెండు డిస్కులు కలిపి నాకైన ఖర్చులో, వేళకు ప్యాడ్లు మాత్రమే మార్పిస్తే చాలా భాగం మిగిలేది. ఆ ఖర్చు సంగతి అలా ఉంచండి, మనవరాలు ఆ తర్వాత చాలా రోజులు నా బండి ఎక్కనంది.

కాబట్టి బ్రేకుల విషయంలో మన పని చూడటం వరకే. నెలకోసారి మట్టం చూడండి, తగ్గితే షెడ్డుకు తీసుకెళ్లండి. ఆ డబ్బాలో ఇంజిన్ ఆయిల్ గానీ పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ పొరపాటున కూడా పోయకండి. లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకులన్నీ పాడవుతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. తేమ చేరినది వేడెక్కితే మరిగి పెడల్ మెత్తగా దిగిపోతుంది. అందుకే మామూలుగా రెండేళ్లకోసారి మార్పించమంటారు. ఏబీఎస్ ఉన్న బండ్లలో గాలి తీయడానికి కొన్నిసార్లు స్కానర్ కూడా కావాలి. ఇది మన వాకిట్లో అయ్యే పని కాదు.

ఇక ధైర్యంగా మనం చేసుకోవలసినవి. నిజానికి ఇవి మెకానిక్ చేయడు, మనమే చేయాలి. సర్వీసుకూ సర్వీసుకూ మధ్య బండిని చూసేది మనమే కదా.

ఇంజిన్ ఆయిల్ మట్టం చదునైన చోట, ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలయ్యాక చూడాలి. పుల్ల తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీస్తే ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. ఎక్కువ పోస్తే మంచిదనుకునేవాళ్లున్నారు, అదీ చెరుపే. తక్కువైతే కంపెనీ పుస్తకంలో రాసిన రకమే పోయాలి, పక్కింటి ట్రాక్టరుకు మిగిలింది కాదు. ఆయిల్ మార్చడం మాత్రం నేను మానేశాను. చేయలేక కాదు. బండి ఎత్తి కింద దూరాలి, పైగా నాలుగు లీటర్ల నల్ల ఆయిల్ ఎక్కడ పోస్తాం? మురికి కాలువలోనా, పొలం గట్టునా? షెడ్డు వాళ్లు దాన్ని డ్రమ్ములో పోగుచేస్తారు. అక్కడే నిలబడి, సీలున్న కొత్త డబ్బా మన ఎదురుగా తెరిపించి పోయించుకుంటే సరి.

రేడియేటర్ దగ్గర మనవాళ్లు చేసే తప్పు నీళ్లతోనే. మన జిల్లాలో బోరు నీళ్ల సంగతి మీకు చెప్పాలా? ఇంట్లో బకెట్టు అంచున, కుళాయి మూతిన తెల్లగా పేరుకునేదే రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ పేరుకుంటుంది. పూర్వం అంబాసిడర్ డిక్కీలో బోరు నీళ్ల క్యాను పెట్టుకుని తిరిగాం, అది ఆ బండికి చెల్లింది. ఇప్పటి అల్యూమినియం రేడియేటర్లకు కూలెంటే పోయాలి. అది మరుగు ఉష్ణోగ్రతను పెంచుతుంది, తుప్పును ఆపుతుంది. డబ్బా మీద కలపమని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌తో కలపండి. దారిలో తప్పనిసరై మామూలు నీళ్లు పోస్తే, ఊరు చేరాక కడిగించి కూలెంట్ పోయించండి.

ఎండాకాలం మన దగ్గర నలభై డిగ్రీలు దాటడం మామూలే. దారిలో వేడి ముల్లు ఎర్ర గీత వైపు వెళ్తే ఏసీ ఆపండి, హీటర్ పూర్తిగా పెట్టండి, అద్దాలు దించి పక్కకు ఆపండి. నవ్వకండి, హీటర్ ఇంజిన్ వేడినే లోపలికి లాగుతుంది. ఆపాక రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడిలో ఉన్న నీరు మూత వదలగానే మరుగుతూ మొహం మీదికి చిమ్ముతుంది. చేత్తో పట్టుకోగలిగినంత చల్లబడేదాకా, అరగంటైనా గంటైనా, చెట్టు కింద కూర్చోవలసిందే. పోసిన కూలెంట్ వారానికోసారి తగ్గుతుంటే అది మన పని దాటిపోయినట్టు. గొట్టమో, వాటర్ పంపో, ఖర్మ బాగాలేకపోతే హెడ్ గాస్కెటో. అది మెకానిక్ చూడాలి.

టైర్ల గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద చీటీ ఉంటుంది. ఎండాకాలంలో గాలి తగ్గించి పెట్టాలని మనలో ఒక నమ్మకం ఉంది. అది తలకిందులు. గాలి తక్కువైతే టైరు పక్కలు ఎక్కువ వంగి ఇంకా వేడెక్కుతాయి, పేలేది అప్పుడే. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే టైరు మార్చాలని మోటారు వాహనాల నియమాలే చెబుతున్నాయి. గాళ్ల మధ్య చిన్న దిమ్మలుంటాయి, టైరు అరిగి వాటితో సమానమైతే దాని పని అయిపోయినట్టే. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. సెకండ్ హ్యాండు బండి కొనేవాళ్లు ఇది తప్పక చూడాలి.

స్టెప్నీ మార్చడం ఇంట్లో ఆడవాళ్లతో సహా అందరికీ రావాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, ఎదురు చక్రానికి రాయి అడ్డం పెట్టి, బండి ఎత్తకముందే నట్లు కొద్దిగా వదులు చేసుకోవాలి. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఒకటి విడిచి ఎదురుగా ఉన్నది బిగించాలి. యాభై వంద కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి. జాకీ మీద ఉన్న బండి కింద తల కాదు, చెయ్యి కూడా పెట్టకూడదు. ఆ జాకీ చక్రం మార్చడానికే గానీ మనిషిని కాయడానికి కాదు.

బ్యాటరీ మామూలుదైతే మనమే మార్చుకోవచ్చు. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఈ వరస తప్పితే పానా ఎక్కడైనా బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్‌కు ఆ రవ్వ చాలు. కొనలకు పట్టిన తెల్లని, పచ్చని బూజును వేడినీళ్లు, వంటసోడాతో కడిగి తుడిస్తే సగం "సెల్ఫ్ కొట్టడం లేదు" ఫిర్యాదులు అక్కడే తీరతాయి. కొన్ని వందల రూపాయలు పెట్టి మల్టీమీటర్ కొనుక్కోండి. బండి రాత్రంతా ఆగి ఉన్నాక 12.6 వోల్టుల దగ్గర చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. ఇంజిన్ నడుస్తుండగా 13.5 నుంచి 14.5 మధ్య లేకపోతే తప్పు బ్యాటరీది కాదు, ఆల్టర్నేటర్‌ది కావచ్చు. ఈ ఒక్క పరీక్ష చేయక బ్యాటరీ మీద బ్యాటరీ మార్చినవాళ్లు నాకు తెలుసు. సిగ్నల్ దగ్గర దానంతటదే ఆగి మళ్లీ స్టార్టయ్యే బండ్లకు మాత్రం వేరే రకం బ్యాటరీ ఉంటుంది, అది షాపులోనే వేయించండి.

గాలి ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, వైపర్ రబ్బర్లు ఎవరైనా మార్చుకోవచ్చు. కోతల కాలంలో క్యాంపు దారుల దుమ్ముకు కంపెనీ చెప్పిన గడువు సరిపోదు, ముందే మార్చాలి. ఫ్యూజు పోతే అదే రంగుది వేయాలి: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. వేసిన వెంటనే మళ్లీ పోయిందంటే ఎక్కడో వైరు తగులుతోందన్నమాట. అప్పుడు పెద్ద ఫ్యూజు గానీ, సిగరెట్టు పెట్టెలోని రేకు గానీ పెట్టారా, వైరుకు నిప్పంటుకుంటుంది.

వైర్లంటే ఎలుకలు గుర్తొచ్చాయి. వడ్ల బస్తాలు, గడ్డివాము దగ్గర పెట్టిన బండిలో ఇవి కాపురం పెడతాయి. కొరికిన వైరు కనబడగానే టేపు చుట్టేయడం మన తక్షణ వైద్యం. హారన్ వైరుకు అది సరే. సెన్సర్ వైరు, ఏబీఎస్ వైరు అయితే టేపు కింద తుప్పు పట్టి ఆరు నెలలకు అంతు చిక్కని రోగమవుతుంది. పసుపు గొట్టంలో వెళ్లే వైర్లు ఎయిర్‌బ్యాగువి, వాటిని తాకవద్దు. 2019 జూలై నుంచి తయారైన కార్లలో డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. స్టీరింగ్ విప్పి హారన్ బాగుచేద్దామని చూస్తే అది మొహం ముందే తెరుచుకోవచ్చు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగు ఉన్న బండికి బిగుతైన సీటు కవర్లు కుట్టించడమూ అలాంటి తెలివే.

పూర్తిగా వదిలేయవలసినవి ఇంకా ఉన్నాయి. స్టీరింగ్, సస్పెన్షన్ స్ప్రింగులు, క్లచ్, టైమింగ్ బెల్టు వీటికి పనిముట్లూ ఉండాలి, చేయి తిరిగీ ఉండాలి. ఇప్పటి డీజిల్ బండ్లలో ఇంజెక్టర్ల గొట్టాల్లో ఒత్తిడి వెయ్యి బార్ పైన ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా కారుతోందేమోనని వేలు పెడితే డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. సీఎన్‌జీ కిట్టు ఆమోదం ఉన్నచోటే వేయించాలి, ఆర్‌సీలో రాయించాలి, సిలిండరుకు మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి. కరెంటు కార్లలో, హైబ్రిడ్లలో నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి. ఇక ఆ యూట్యూబు ఏసీ గ్యాసు సంగతి. గ్యాసు తగ్గిందంటే కారుతోందనే. కారే చోటు మూయకుండా పడితే మళ్లీ పోతుంది. ఎంత పట్టాలో తూచి పట్టాలి, ఎక్కువైతే కంప్రెసర్ పోతుంది.

వానాకాలం సంగతి ఒకటి. నారాయణపూర్ డ్యాం నుంచి నీళ్లు వదిలినప్పుడు శీలహళ్ళి వంతెన మునగడం మనం చూస్తూనే ఉన్నాం. వాగులూ అంతే. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టవద్దు. సిలిండర్లలోకి చేరిన నీరు గాలిలా నలగదు, లోపలి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఇంజిన్‌కు విడిగా కట్టిన రక్షణ లేకపోతే మామూలు ఇన్సూరెన్సులో ఈ నష్టం రావడం కష్టం. తోయించుకుని బయటికి తెచ్చి, బ్యాటరీ విప్పి, ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పాకే షెడ్డుకు. యాక్సిడెంటైనా ఇంతే. సర్వేయర్ చూడకముందు విప్పేస్తే క్లెయిము దగ్గర చిక్కు.

మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు ఏ భాగం పోయిందో మనం చెప్పకూడదు, ఏం జరుగుతోందో చెప్పాలి. "క్లచ్ ప్లేటు పోయింది, మార్చు" అంటే మారుస్తాడు, తప్పు మనదవుతుంది. "చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది కానీ బండి లాగదు" అని చెబితే అతను వెతుకుతాడు. మన ఊరి షెడ్లలో కన్నడ, ఉర్దూ నడుస్తాయి. ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చిన కోడళ్లు మాటకు తడుముకోవలసిన పని లేదు, చప్పుడును ఫోనులో రికార్డు చేసి వినిపిస్తే చాలు. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. అడుగుతారని తెలిస్తేనే పని నికరంగా జరుగుతుంది. అంచనా కాగితం మీద రాయించుకోండి, బిల్లు తీసుకోండి. గుమాస్తా బుద్ధి అనుకోండి, కానీ వారంటీ తగాదా వచ్చినప్పుడు ఆ కాగితమే మాట్లాడుతుంది. వారంటీ ఉన్నంతకాలం పెద్ద పనులకు రాయచూరు దాకా పోవలసి వచ్చినా కంపెనీ సర్వీసే మేలు. అది దాటాక నమ్మకమైన షెడ్డు ఒకటి పట్టుకుని అక్కడికే వెళ్లండి, ప్రతిసారీ పదిరూపాయలు తక్కువకు ఇంకో చోటికి పోకండి.

డ్యాష్‌బోర్డులో ఎర్ర దీపం వెలిగితే ఆగాలి. నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే అక్కడికక్కడే ఇంజిన్ ఆపాలి, ఇంటిదాకా పోదామనుకోవద్దు. పసుపు దీపమైతే మెల్లగా షెడ్డుదాకా నడపవచ్చు, అదే ఇంజిన్ బొమ్మ ఆరుతూ వెలుగుతుంటే నడపవద్దు. చవకగా దొరికే స్కానర్ ఫోనుకు కలిపి కోడ్ చూసుకోవడంలో తప్పు లేదు. అయితే కోడ్ రోగ లక్షణం చెబుతుంది, రోగం కాదు. అందులో సెన్సర్ పేరు కనబడిందని సెన్సర్ కొనేయవద్దు.

నా బండి అరలో నలభై పేజీల నోట్‌బుక్ ఒకటుంటుంది. తేదీ, మీటరు అంకె, చేసిన పని, చేసినవాళ్లు, ఖర్చు, ఇంతే రాస్తాను. బ్రేక్ ఆయిల్ మట్టానికి విడిగా ఒక పేజీ పెట్టాను, ఎందుకో మీకు తెలుసు. డిక్కీలో జాకీ, వీల్ పానా, టార్చి, జంపర్ వైర్లు, చేతి తొడుగులు, లీటరు కూలెంట్, రెండు మూడు రకాల ఫ్యూజులు ఉంటాయి. వాటితోపాటు అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న మందపాటి చెక్క పలక ఒకటి. వాన పడ్డ రేగడి మీద పలక లేకుండా జాకీ తిప్పితే బండి పైకి రాదు, జాకీయే కిందికి పోతుంది.